నాకు నేనే ఆడపడుచుని

హాలీవుడ్,
మార్చి 1936

అమ్మకు ఓపల్ ముద్దులతో రాసేది. ఇక్కడ మేమిద్దరం కులాసా. ఆ ఇద్దరూ ఒకరికొకరు ఏమవుతారో మాత్రం ఈమధ్య నాకే సరిగ్గా తెలియడం లేదు. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందని రాశావు, సంతోషం. అలాగని చర్చి మెట్లు పరుగున ఎక్కకు.

నువ్వడిగినవాటికి జవాబులు చెబుతాను. నారింజలు ఇక్కడ చవకే, కానీ మన ఒహాయో ఆపిల్ రుచి దేనికీ రాదు. వర్జిల్ బాగానే తినేవాడు గానీ, నడుం లావయిందని స్టూడియోవాళ్లు ఉడికిన గుడ్డు, అట్టలాంటి రొట్టె తప్ప ఏమీ పెట్టొద్దన్నారు. ఇక పక్కింటి మిసెస్ ప్రూయిట్ సంగతి. సినిమా పత్రిక పట్టుకొచ్చి, "మీ అల్లుడు పెళ్లికాని కుర్రాడట కదా, మరి మీ అమ్మాయి ఎవరితో కాపరం చేస్తోంది?" అందని రాశావు. ఆవిడ నోట్లో మన్ను పడ. అడిగినదాంట్లో తప్పు మాత్రం లేదు.

పాటల సినిమా హీరోకి పెళ్లాం ఉందంటే ఆడపిల్లలు టిక్కెట్టు కొనరట. అందుకని స్టూడియో యజమాని మిస్టర్ గ్రోబ్ నన్ను వర్జిల్‌కి అక్కను చేశాడు. "అక్కేమిటండీ, చెల్లెలంటే పోయేదిగా" అన్నాను. "మీ మొహం చూసి ఎవరు నమ్ముతారమ్మా" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నా మొగుడికి నేను అక్కనైతే నాకు నేనే ఆడపడుచుని కదా. రోజూ అద్దం ముందు నిలబడి నన్ను నేనే సాధించుకుంటున్నాను.

కొత్త సినిమాలో హీరోయిన్ పేరు కొరిన్. మంచిపిల్లే, ఆ మాట కాదనను. చివర్లో పెళ్లి పాట ఉంది. వర్జిల్ మొహం ఒక్కటే దగ్గరగా తీసే వేళకి ఆ అమ్మాయి ఇంటికెళ్లిపోయింది. ఇక్కడ అది మామూలే. ఎదుటిమనిషి లేకపోతే కెమెరా పక్కన ఎవరినో ఒకరిని నిలబెట్టి, వాళ్లను చూస్తూ నటించమంటారు. దర్శకుడు చుట్టూ చూసి, "అక్కగారూ, మీరొచ్చి నిలబడండి" అన్నాడు. నా చేతిలో వర్జిల్ కాఫీ ఫ్లాస్కు ఉంది. ఎవరో వచ్చి ఆ పిల్ల పెళ్లి ముసుగు నా నెత్తిన పడేశారు.

ముందే రికార్డు చేసిన పాట పెట్టారు. వర్జిల్ నన్ను చూస్తూ పెదవులు కదుపుతున్నాడు. రెండో చరణంలో ఒకచోట ఆ పెదవులు ఆగిపోయాయి. పాట నడుస్తూనే ఉంది, అతను ఊరికే నన్ను చూస్తూ ఉండిపోయాడు. మళ్లీ తీస్తారనుకున్నాను. "ఇదే ఉంచుదాం" అన్నాడు దర్శకుడు.

మొన్న పొమోనాలో ముందుగా చెప్పకుండా సినిమా వేసి, ఎలా ఉందో జనం చేత చీటీల మీద రాయించారు. ఆ చూపు దగ్గర హాలంతా ముక్కులు చీదింది. చూపు వెనకాలే, అతను చూసింది ఆ పిల్లనే అన్నట్టు, కొరిన్ మొహం అతికించారు మరి. అందరూ రాసింది ఒకటే మాట, వీళ్లిద్దరికీ నిజంగా పెళ్లి చేసెయ్యండి అని.

మర్నాడే గ్రోబ్ పిలిచాడు. "జనం అడిగింది ఇవ్వడమే మన పనమ్మా. నెవాడా వెళ్లి రీనోలో కొన్ని వారాలుంటే కోర్టువాళ్లు విడాకులిచ్చేస్తారు. పెళ్లికి మాత్రం మీరు తప్పక రావాలి, పెళ్లికొడుకు అక్క కదా" అన్నాడు. వర్జిల్ పక్కనే కూర్చుని టోపీ అంచు తిప్పుతున్నాడు.

ఇంత రాసీ అసలు సంగతి దాచాను. అమ్మా, నేను సరేనన్నాను.

ఇంటికొచ్చాక అతన్ని నిలదీశాను. "ఆ రోజు ఎవరిని చూశావు?"

"నిలబెట్టింది నిన్నేగా. నిన్నే చూశాను."

"నన్నా, నా నెత్తిమీది ముసుగునా?"

"పనిలో ఉన్నప్పుడు ఏం చేస్తానో నాకేం తెలుసు ఓపల్?" అన్నాడు, నిజంగానే తెలియనివాడిలా. "అయినా నువ్వెందుకు సరేనన్నావు?"

"నువ్వు వద్దంటావేమోనని."

అతను గుడ్డు పెంకు ఒలుస్తూ కూర్చున్నాడు. ఇంట్లో నన్ను అలా చూసి ఎన్నాళ్లయిందో. ఆ చూపు నాదో, జీతం కోసం చూసిందో తెలిసి చావడం లేదు. నాకు భయంగా ఉందమ్మా.

నీకు గుర్తుందా, నన్ను చేసుకుంటానని అడగడానికొచ్చిన రోజు మన వరండాలో పాట ఎత్తుకుని, సగంలో మాటలు మరిచిపోయి గుడ్లప్పగించి నిలబడ్డాడు. "ఈ పిల్లాడికి మతి లేదు, ఇచ్చేద్దాం" అన్నావు నాన్నతో. అప్పుడు అతని మొహం చూసింది నువ్వే. నేను సిగ్గుతో తల దించుకున్నాను. కాబట్టి తీర్పు చెప్పగలిగింది నువ్వొక్కదానివే.

నెలాఖరుకి సినిమా మన ఊళ్లో పడుతుంది. మిసెస్ ప్రూయిట్‌ని కూడా తీసుకెళ్లు. పెళ్లి పాట రెండో చరణం దగ్గర కళ్లజోడు తుడుచుకుని చూడు. అది మన వరండా మొహమేనా? ఒక్క మాట టెలిగ్రాం కొట్టు. అంతవరకు పన్ను నొప్పని చెప్పి రైలెక్కకుండా ఉంటాను. కాదంటావా, రీనో పోతాను. అవునంటావా, గ్రోబ్ దగ్గరికి నేనే వెళ్లి, ఈ సంబంధం పెళ్లికొడుకు అక్కకి నచ్చలేదని చెప్పేస్తాను.

ఇది ముగిస్తుంటే వర్జిల్ వెనక నిలబడి, "అత్తయ్యని అడిగానని రాయి" అన్నాడు. ఇంకా అత్తయ్యనే అంటున్నాడు. నీ తీర్పులో దీన్ని కూడా కలుపుకో.

ఇట్లు,
నీ కూతురు,
ఇక్కడివాళ్ల లెక్కలో నీ అల్లుడి అక్క,
ఓపల్