ఫైలు తెరిచిందెవరు?

శంషాబాద్

ప్రియమైన యేసుమణక్కకు,

గొంతు ఆపరేషన్ తర్వాత ఎట్లున్నారు? మాట్లాడొద్దని డాక్టరు అన్నాడట కదా. మన కార్గో గోదాములో ఇప్పటికీ ఫోన్లు గేటు దగ్గరే గుంజుకుంటున్నారు. అందుకే మీ ఇంటి మీదుగా పోయే క్యాబు డ్రైవరు ఐలయ్య చేతికి ఈ ఉత్తరం.

మీరు రిటైరయ్యాక ఆ పాత కంప్యూటరు నా నెత్తిన పడింది. వాడని ఫైళ్లు తీసేయమని అరుణ్‌కుమార్ సార్ ఒకటే తొందర. ఒక ఫైల్లో మీ ఫోను నంబరొక్కటే ఉంది! దాన్ని ఏ ప్రోగ్రాములు వాడుతున్నాయో చూపించే కమాండు కొడితే ఒక్క పేరూ రాలేదు. "ఎవ్వరూ వాడకుంటే ఉంచుడెందుకు? తీసేసి సంతకం పెట్టు" అన్నాడు సార్. ఆ తర్వాత ఏదైనా ఆగిపోతే పోయేది కాంట్రాక్టు మీదున్న నా ఉద్యోగమే. జర చెప్పండక్కా, అది దేనికి?

మీ మనీషా

మైలార్‌దేవ్‌పల్లి

మనీషమ్మకు వందనాలు.

గొంతు మానుతోంది. ఏం కావాలన్నా పలక మీద రాసి చూపిస్తున్నా. "ఇగ నాకు తిట్లు తప్పినయి" అని మీ బావ ప్రేమ్ రాజ్ సంబరపడుతున్నాడు. గొంతు రానీ, చెబుతా ఆయన సంగతి!

ఆ ఫైలు పెట్టింది నాకంటే ముందు ఆ కంప్యూటరు చూసిన చెన్నయ్య సారు. నా నంబరు ఎందుకు రాశాడో నాకూ తెలియదు, అడగడానికి ఆయన ఇప్పుడు బతికి లేడు. ఆయనకో అలవాటుండేది. ఫైలు పేరు ప్రోగ్రాములో రాసేవాడు కాదు. వేరేచోట పెట్టి, ప్రోగ్రాము నడిచేటప్పుడు అక్కడి నుంచి తెప్పించేవాడు. నీ కమాండు ప్రోగ్రాములో రాసిన పేర్లనే వెతుకుతుంది, అట్లాంటివి దానికి దొరకవు తల్లీ. ఆ ఫైలు మీద నిఘా పెట్టు. ఏ ప్రోగ్రాము తెరిస్తే దాని పేరు పడుతుంది. అప్పటిదాకా సంతకం పెట్టకు.

నీ అక్క

శంషాబాద్

అక్కా,

నిఘా పెట్టాను. సార్‌ను బతిమాలి వారం ఆపాను. ఫైలు మీద ఈగ కూడా వాలలేదు. రేపు డ్యూటీకి రాగానే తీసేయాల్సిందే. మనసు ఒప్పుకోవడం లేదు గానీ, ఏం చేయను?

మీ మనీషా

గోదాము గేటు దగ్గర

మనీషా, నా బంగారం,

సంతకం పెట్టకు! నువ్వు డ్యూటీకి రాగానే ఇమ్మని ఈ కాగితం గేటు దగ్గరే రాస్తున్నా.

పొద్దున ప్రార్థనలో ఉండగా నా ఫోను మోగింది. ఎత్తితే మిషను గొంతు: "గోదాము చల్లగది వేడెక్కుతోంది." మీ బావ ఇంట్లో లేడు. నోరు పెగలనిదాన్ని, ఎవరికి ఫోను చేసి చెప్పను? పలక చంకన పెట్టుకుని మీ బావ స్కూటరెక్కాను.

"ఏందమ్మా, నోరిప్పి చెప్పరాదు?" అన్నాడు గేటు మనిషి. పలక చూపించగానే ఉరికాడు. వానకు కరెంటు పోయిందట, జనరేటరు అందుకోలేదట. గదినిండా పసిపిల్లల టీకాలు. ఏవీ చెడలేదు, దేవునికి స్తోత్రం.

నిఘాలో చూడు, ఆ ఫైలు తెరిచి నా నంబరుకు ఫోను చేసిన ప్రోగ్రాము పేరు పడి ఉంటుంది. చల్లగది వేడెక్కితే తప్ప అది లేవదు, అందుకే నీకు కనబడలేదు.

ఆపరేషన్ అయిన కాడి నుంచి నాకెవ్వరూ ఫోను చేయడం లేదే. ఇయ్యాల మోగితే ఏడుపొచ్చింది. ఫైల్లో గేటు దగ్గరి ఫోను నంబరు కూడా వేయి. నాది మాత్రం తీయకు. గొంతు లేకున్నా స్కూటరుంది.

నీ యేసుమణక్క