వంకర ముక్కు కాకి

చందాపుర, మహాలయ అమావాస్య, ఆదివారం రాత్రి.

మామగారి పేరున పెరటి గోడ మీద పెట్టిన అన్నానికి ఇవాళ కూడా ఆ వంకర ముక్కు కాకే ముందు వచ్చింది. పై ముక్కు ఒక పక్కకి, కింది ముక్కు ఇంకో పక్కకి. మెతుకు పట్టుకోవడం, జారవిడవడం, అంతే.

అత్త చూసి చూసి అంది: "పక్షవాతం కొట్టినాక ఆయన నోరు గూడా ఇట్లే ఉండె గదమ్మా. మెత్తగా పిసికి పెట్టు."

పాలు పోసి పిసికి పెట్టాను. అదీ జారింది. ఇంతలో మంచి ముక్కుల కాకులు సిగ్గు లేకుండా దిగి ఆకు ఖాళీ చేశాయి.

"ఆయన తినలేదే," అంది అత్త.

మామగారికైతే పక్కన కూర్చుని స్పూనుతో పోసేదాన్ని. ఇది నేను ఒక్క అడుగు దగ్గరికి వేస్తే ఎగిరిపోతుంది.