తొట్టికి సోడా గ్యాసు

చిలకలూరిపేట,
14-8-2003.

అమ్మా సఫూరా,

నీకూ అల్లుడికీ నాన్న దువాలు. ఇక్కడ నేను క్షేమం. మోకాళ్లు తప్ప ఒంట్లో మిగతావన్నీ ఇంకా నా మాట వింటున్నాయి. మీరిద్దరూ క్షేమమని రాశావు. నమ్ముతున్నాను.

ఒంగోలు ఆసుపత్రిలో నర్సు ఉద్యోగానికి వెళుతూ నాకప్పగించిన చేపల తొట్టి గురించి నాలుగు ప్రశ్నలు వేశావు. మొదటిది, మొక్కలెలా ఉన్నాయని. అమరావతి దగ్గర కృష్ణలోంచి నువ్వు తెచ్చిన రిబ్బను ఆకుల మొక్కలు ఇప్పుడు నిగనిగలాడుతున్నాయి. బొగ్గుపులుసు వాయువు అందిస్తే కోలుకుంటాయని నువ్వు రాసిన మాట నిజమే.

దానికి ఏ సామాను కొన్నావన్నది రెండో ప్రశ్న. ముందు సీసాలో పంచదార, ఈస్టు కలిపి గొట్టం పెట్టాను. రెండు రోజులు బుడగలొచ్చాయి. మూడో రోజు ఇంటినిండా కల్లు వాసన. పక్కింటి రహమతున్నీసా గోడ మీంచి తొంగిచూసి, "ఏం మాస్టారూ, రిటైరయ్యాక కొత్త యాపారం పెట్టారా?" అంది. ఆమె నోట పడిన మాట మసీదు దాకా పోతుంది. సీసా పారబోశాను.

గుంటూరులో చేపల దుకాణం వాడు అరచేతిలో పట్టే విదేశీ సిలిండరు చూపించాడు. "అయిపోతే ఎక్కడ నింపిస్తావు?" అన్నాను. "కొత్తది కొనుక్కోవడమేనండి" అని నవ్వాడు. ముప్పయ్యేళ్లు క్లాసులో పిల్లల నవ్వులు చూసినవాణ్ణి, ఆ నవ్వేమిటో నాకు తెలియదా? లేచి వచ్చేశాను.

ఇక మన పేటలో ఆ గ్యాసు దొరికేది మీ మామయ్య సిలార్ సోడా కొట్టులోనే. ఈ సంగతి నీకు ముందే తెలుసు. తొట్టిని నా నెత్తిన పెట్టి వెళ్లడంలో నీ ఎత్తు అదేనని నా అనుమానం. కాదని రాయకు, నమ్మను.

మీ అమ్మ పోయిన నలభయ్యో రోజున, భోజనాల దగ్గర నలుగురూ వింటుండగా, "బావ పుస్తకాలన్నీ చదివాడు గాని మా అక్క మొహం చదవలేదు" అన్నాడు వాడు. ఐదేళ్లయింది. అప్పటినుంచి వాడి గడప తొక్కలేదు. అయినా మొక్కల కోసం వెళ్లాను.

"ఏం బావా, దారి తప్పావా?" అన్నాడు.

"తొట్టికి గ్యాసు కావాలి."

"చేపలకి సోడా తాగిస్తావా ఏంది?" కొట్లో అందరూ నవ్వారు.

నవ్వినా, చిన్న సిలిండరు తనే మోసుకొచ్చాడు. రెగ్యులేటరు బిగించి, సబ్బు నురగ రాసి ఎక్కడా కారడం లేదని చూసి, నువ్వు పంపిన సెలైన్ గొట్టం తగిలించాడు. గొట్టం మీది చక్రం తిప్పితే సెకనుకో బుడగ వచ్చింది. ఇంత శ్రద్ధ దేనికా అనుకున్నాను. వెళుతూ వెళుతూ అన్నాడు: "లైటార్పగానే టాపు కట్టెయ్ బావా. మా కొట్లో తలుపులేసి గ్యాసు వదిలితే మడిసికే ఊపిరాడదు, చేపెంత?"

మొక్కలు పెరగకూడదనే ఈ సలహా అనుకున్నాను. మాస్టారికి నాలుగు ఆకులు పెంచడం కూడా రాలేదని కొట్లో చెప్పుకుని నవ్వడానికి.

మూడో ప్రశ్నను ఇందాకటి నుంచి దాటేస్తున్నాను. చేపలెలా ఉన్నాయని అడిగావు. మర్నాడు పొద్దున చూసేసరికి పదకొండులో పది తేలిపోయి ఉన్నాయి. ఒక్కటి మాత్రం నీటి అంచున నోరు తెరుస్తూ ఉంది. సోడా కొట్టుకెళ్లి, "గ్యాసులో ఏం కలిపావురా?" అని బజారంతా వినేలా అరిచాను.

ఈసారి వాడు నవ్వలేదు. "టాపు కట్టావా?" అన్నాడు.

కట్టలేదమ్మా. చీకట్లో మొక్కలు కూడా ఆ వాయువునే వదులుతాయని ముప్పయ్యేళ్లు ఎనిమిదో తరగతి బోర్డు మీద రాశాను. మరిచిపోయానని రాద్దామనుకున్నాను గాని అది అబద్ధం. వాడు చెబుతుండగానే గుర్తొచ్చింది. వాడు చెప్పాడు గనకే కట్టలేదు.

మీ అమ్మకు దగ్గు మొదలైనప్పుడు కూడా, "ఇది మామూలు దగ్గు కాదు, గుంటూరు తీసుకెళ్లు బావా" అని ముందుగా చెప్పింది వాడే. "అక్కడి డాక్టరు నీకెంత కమీషనిస్తాడు?" అని అడిగాను. రెండు నెలలు కదల్లేదు. ఇది నీకెప్పుడూ చెప్పలేదు. నలభయ్యో రోజున వాడన్నది నిజం కాబట్టే ఇన్నేళ్లు నాకు మంట.

మామయ్యతో మాట్లాడుతున్నావా అన్నది నీ నాలుగో ప్రశ్న. మాట్లాడుకోవడం అనలేను. ఆ రోజు నుంచి రోజూ సాయంత్రం మగ్రిబ్ నమాజు కాగానే మనింటికొస్తున్నాడు. నేను లైటార్పుతాను. నా మీద నమ్మకం లేక టాపు తన చేత్తోనే కడతాడు. సరిగ్గా కట్టాడో లేదోనని నేను పక్కనే కూర్చుని చూస్తాను. మిగిలిన ఆ ఒక్క చేప మా ఇద్దరినీ చూస్తుంది. తర్వాత టీ పెడతాను.

నిన్న టీ తాగి, "పంచదార చాలలేదు బావా" అన్నాడు. నాకు సరిపోయినట్టే ఉంది, కావాలనే అన్నాడేమో. అయినా ఇవాళ వాడి గ్లాసులో ఇంకో చెంచా వేశాను.

ఇట్లు,
నీ నాన్న
మొహిద్దీన్ బాషా