ఫ్లోరెన్స్‌లో మిరప మాటెత్తను

మార్చి 9, ఆదివారం. విమానాశ్రయం.

ఈ క్షణం నుంచి ఎనిమిది రోజులు మిరపకాయ మాటెత్తను. కాయ, కల్లం, కోత, కోల్డ్ స్టోరేజీ, ఏదీ. జ్యోతికి మాటిచ్చాను.

జ్యోతి అంటే నా భార్య జ్యోతిర్మయి. చిలకలూరిపేట హైస్కూల్లో పాతికేళ్ళు డ్రాయింగు టీచరు. ఫ్లోరెన్స్ పెద్ద చర్చి మీదున్న ఎర్ర గుమ్మటాన్ని నల్లబల్ల మీద ఎన్నిసార్లు గీసిందో తనకే తెలియదు. ఇప్పుడు దాన్ని ఎక్కబోతోంది. నాతో.

షరతు ఒక్కటే. "మిరప మాటెత్తారంటే మీరు కిందే ఉండండి. నేనొక్కదాన్నే ఎక్కుతా." ఊటీ తీసుకెళ్ళినా తిరుపతి తీసుకెళ్ళినా నేను ఫోన్లో కాయ కబుర్లే చెప్పానని తన ఉక్రోషం. న్యాయమే.

కల్లంలో కాయ ఆరుతోంది. పక్క చేను చెంచయ్యకు అప్పగించాను. పొద్దుగుంకగానే మంచు పడకుండా పట్టలు కప్పుతాడు. నమ్మకస్తుడు. ఇక నాకేం చింత? మనసు దూదిపింజలా ఉంది.

మార్చి 11. ఫ్లోరెన్స్.

అందమైన ఊరు. రాతి వీధులు. వంతెన మీద వరసగా నగల కొట్లు. జ్యోతి ప్రతి గోడ దగ్గరా ఆగుతోంది, నేనూ ఆగుతున్నాను. ఒక బొమ్మ చూసి "రంగు బాగా తేలింది" అన్నాను. మురిసిపోయింది. అది నేను కాయ చూసి అనే మాటే. కాయ పేరు ఎత్తలేదు కాబట్టి లెక్కలోకి రాదు.

పిజ్జా చప్పగా ఉంది. కారం అడిగితే శపథం చెడుతుందేమోనని ఉప్పు చల్లుకు తిన్నాను. నా నిగ్రహం చూసి నాకే గౌరవం కలిగింది.

మార్చి 12.

ఒక సంగతి కనిపెట్టాను. ఇక్కడ మేం మధ్యాహ్నం భోజనం చేసే వేళకు అక్కడ పొద్దుగుంకుతుంది. పట్టలు కప్పే వేళ.

భోజనం మధ్యలో లేచాను. బాత్రూమ్‌లోంచి ఫోన్. శపథం జ్యోతి ముందు మాటెత్తనని. బాత్రూమ్‌లో జ్యోతి లేదు కదా.

"ఒరేయ్ చెంచయ్యా, పట్టలు కప్పావా?"

"కప్పుతున్నా బావా. నువ్వా ఊరేదో చూసుకో."

తిరిగొచ్చేసరికి జ్యోతి కంగారుగా చూస్తోంది. "కడుపులో బాగాలేదాండీ?"

ఊఁ అన్నాను. ఇంకేమనను?

మార్చి 13.

కడుపునొప్పికి పథ్యం వచ్చిపడింది. మాతో వచ్చిన టూరు బృందంలో ఒంగోలు రెబ్కాగారున్నారు. రిటైరైన నర్సు. "నీళ్ళు పడలేదు అన్నయ్యగారూ" అని మాత్రలిచ్చారు. చీజ్ వద్దన్నారు, ఐస్‌క్రీం వద్దన్నారు. అందరూ ఐస్‌క్రీం నాకుతూ వీధులు చూస్తుంటే నేను అరటిపండుతో చూశాను.

మధ్యాహ్నం మొదటిసారి చేస్తే చెంచయ్య ఫోనెత్తలేదు. అంచేత రెండుసార్లు లేవాల్సొచ్చింది. రెబ్కాగారు డోసు పెంచారు. ఆ మాత్రల దెబ్బకు మలబద్ధకం పట్టుకుని, ఇప్పుడు నాకు బాత్రూమ్‌లో ఫోన్ పని తప్ప మరో పని లేకుండా పోయింది.

పడుకునే ముందు జ్యోతి అంది: "రేపు మీ ఒంట్లో బాగా లేకపోతే గుమ్మటం నేనూ మానేస్తాలెండి. మిమ్మల్ని ఒంటరిగా వదిలి ఏం ఎక్కుతాను?"

గుచ్చుకుంది. పాతికేళ్ళు గీసిన గుమ్మటాన్ని నా దొంగ కడుపునొప్పి కోసం వదులుకుంటానంటోంది. రేపు ఫోన్ ముట్టను. ఒట్టు.

మార్చి 14.

ఒట్టు భోజనం దాకా నిలిచింది. అప్పుడు చెంచయ్య మెసేజ్. "బావా, మబ్బేసింది."

ఆ మాట చదివాక ఎవరికి ముద్ద దిగుతుంది? బాత్రూమ్. వీడియో కాల్. చెంచయ్య ఒక కాయను ఫోన్ దగ్గర పెట్టి ఆడించాడు. ఎండిన కాయైతే గింజ గలగలమనాలి. చప్పుడు లేదు. ఇక నేనెక్కడున్నానో మర్చిపోయాను.

"గట్టిగా ఆడించరా! తూర్పు పక్కది ముందు పోగెయ్యి! పట్టల అంచులకు రాళ్ళు పెట్టు!"

తలుపు తీస్తే ఎదురుగా జ్యోతి. చేతిలో నాకోసం కలిపిన ఉప్పూ పంచదార నీళ్ళ సీసా. వెనక రెబ్కాగారు.

"మీ కడుపునొప్పి ఇదా?" అంది జ్యోతి. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. సీసా నా చేతిలో పెట్టి గుమ్మటం వైపు నడిచింది.

రెబ్కాగారు మాత్రం "మిగిలిన మాత్రలు ఇటివ్వండి అన్నయ్యగారూ" అన్నారు.

అదే రోజు, సాయంత్రం.

నా టికెట్టు నా దగ్గరే ఉంది. నేనూ ఎక్కాను, రెండు మలుపులు వెనకగా. ఇరుకు మెట్లు. ఎంతకీ తరగవు. పైనుంచి తన చెప్పుల చప్పుడు వినిపిస్తోంది. ఏ మొహం పెట్టుకుని పిలవను? సిగ్గేసింది. కాసేపటికి ఆయాసం వచ్చి సిగ్గు సంగతి మరిపించింది.

పైన ఒకటే గాలి. జ్యోతి అంచు దగ్గర నిలబడి చూస్తోంది. పక్కన చేరాను. నా వైపు తిరగలేదు.

కింద ఊరంతా ఎర్ర పెంకులు. ఎటు చూసినా ఎరుపే, కొండల దాకా. నాకేమనిపించిందో రాయక్కర్లేదు. మాట నాలుక చివరికొచ్చింది. పళ్ళు బిగబట్టాను. ప్రాణం పోయినా అనకూడదనుకున్నాను.

ఇంతలో కొండల మీంచి మబ్బు కదిలింది. నీడ ఆ ఎరుపు మీద పాక్కుంటూ వస్తోంది. జ్యోతి చటుక్కున నా చెయ్యి పట్టుకుంది.

"అయ్యో, అంతా ఆరబోసే ఉందండీ. పట్టలేవీ?"

అన్నాక గాని తెలియలేదు తనకి, ఏమందో. నా మొహం చూసింది. నేను చాలా బుద్ధిగా ఆకాశం వైపు చూశాను. ఇద్దరం అక్కడే గోడకానుకుని కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాం. పెళ్ళయ్యాక ఇంత సంతోషంగా ఏ ఊరూ చూడలేదు.

మార్చి 15. పీసా వెళ్ళే రైలు.

శపథం మళ్ళీ మొదలు. ఈసారి ఇద్దరికీ. పీసాలో కాయ, కల్లం, మబ్బు, పట్టలు నిషిద్ధం. మాటెత్తినవాళ్ళు ఒరిగిన గోపురం కిందే ఉండాలి. సాక్షి రెబ్కాగారు. నాకు ఐస్‌క్రీం కూడా మంజూరు చేశారు.

నేను ఇక్కడ సంతకం పెట్టి డైరీ జ్యోతికిచ్చాను. తను పెన్ను తీసుకుని, కిటికీలోంచి బయటికి చూసి ఆగింది.

"ఇంకా పీసా రాలేదుగా. చెంచయ్యకో ఫోన్ కొట్టండి. పొద్దున్నే పట్టలు తీశాడో లేదో, ఉక్కకి కాయ తెల్లబడుతుంది. స్పీకర్లో పెట్టండి, నేను మాట్లాడతా."