ఆవిడ పేరున నా రిపోర్టు

మార్చి 3, సోమవారం

నిన్నటి నుంచి కింద మంట, దురద. వేడి చేసిందేమోనని నీళ్ళు తాగుతున్నాను. అసలు మంట వేరే ఉంది. మా ఆయన డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతారు. ఒకావిడకి నలభై క్లాసులైనా క్లచ్ వదలడం రాలేదట. అందుకే ఆవిడకి క్లచ్ అని పేరు పెట్టాను. పాపం భయం ఎక్కువ, ఓపిగ్గా నేర్పాలి అంటారు ఈయన. నాకు నేర్పినప్పుడు రెండో రోజే విసుక్కున్నారు.

మార్చి 4

జ్వరం. గజ్జల్లో బిళ్ళలు కట్టాయి. మూత్రానికి వెళ్తే ప్రాణం పోతోంది. అద్దం పెట్టి చూసుకున్నాను. ఆవగింజలంత నీటి పొక్కులు, గుంపుగా. ఒకటి రెండు చితికి పుండ్లయ్యాయి.

పదేళ్ళుగా ల్యాబ్‌లో పని చేస్తున్నాను. ఇవే బాధలతో వచ్చినవాళ్ళ శాంపిల్స్ ఎన్ని తీశానో. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టయింది. హెర్పిస్. క్లచ్ నుంచి ఆయనకి, ఆయన నుంచి నాకు. ఇంకేముంది.

మార్చి 5, ఉదయం 6.40

పొక్కులు ఎండకముందే స్వాబ్ తీయాలి. ఎవరూ రాకముందే ల్యాబ్ బాత్రూంలో నేనే తీసుకున్నాను. రక్తం కూడా. లేబుల్ మీద నా పేరు రాస్తే మధ్యాహ్నానికల్లా స్టాఫంతా చెవులు కొరుక్కుంటారు. ఏదో ఒక పేరు రాయాలి. క్లచ్ పేరు రాశాను. చేతికి అదే వచ్చింది.

మార్చి 7

పాజిటివ్. ఆవిడ పేరు, పక్కన పాజిటివ్. ప్రింటు తీసి రెండుసార్లు చదువుకున్నాను. కడుపు చల్లబడింది. దొరికావే అనుకున్నాను. ఆయన ముఖాన కొడదామని బ్యాగులో కూడా పెట్టుకున్నాను. లిఫ్టులో గుర్తొచ్చింది, ఆ పుండు నాది.

అదే రోజు, సాయంత్రం

పై అంతస్తులో లేడీ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. రిపోర్టు చూసి, నన్ను చూసి, ఈవిడెవరమ్మా అన్నారు. చెప్పాను. పేరు కొట్టేసి నాది రాశారు. ఆ పిల్ల నీకేం చేసిందని ఇంత పని చేశావు అన్నారు. తర్వాత రక్తం రిపోర్టు మీద వేలు పెట్టారు. యాంటీబాడీలు తయారవడానికి వారాలు పడుతుందట. నాకు ముందే ఉన్నాయట. అంటే ఇది పాతది, ఏళ్ళ తరబడి మూల కూర్చుని ఇప్పుడు లేచి ఉండొచ్చు, తొందరపడి ఎవర్నీ అనకు తల్లీ అన్నారు. మాత్రలు రాశారు. పూర్తిగా పోదు, అణిగి ఉంటుందట. పుండ్లు మానేదాకా దూరంగా ఉండమన్నారు. మీ ఆయన్నీ టెస్టుకు తీసుకురా అన్నారు.

నేనింకా నమ్మలేదు. పాతదైతే మాత్రం, క్లచ్ కూడా పాతదే కావచ్చుగా.

మార్చి 11

ఆయన రక్తంలో ఏమీ లేదు. ఆయన నుంచి వచ్చి ఉండదని డాక్టరు ఆయన ఎదుటే చెప్పారు.

పెళ్ళికి ముందు ఒకతను ఉండేవాడు. మందుల కంపెనీ రిప్రజెంటేటివ్. ఇంటికొచ్చాక చెప్పేశాను. క్లచ్ సంగతి కూడా. సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన అరవలేదు. టీ కప్పు తిప్పుతూ, అతనికి కారు నడపడం వచ్చా అని అడిగారు.

మార్చి 13

బాగా నడిపేవాడా అని మళ్ళీ అడిగారు.

మార్చి 15

పుండ్లు ఎండాయి. క్లచ్‌కి లైసెన్సు వచ్చిందట. నాకేమీ అనిపించలేదు.

మార్చి 16

ఈయన డైరీ కొనుక్కున్నారు. తాళం ఉన్నది.