గేటు ఆగలేదక్కా!

పటాన్‌చెరు,
12 జూన్ 2004

హైమక్కా,

ఈసారి అలగక్కర్లేదు, మీ గృహప్రవేశానికి వస్తున్నాను.

ఇదివరకు మా ఫ్యాక్టరీలో క్యాంటీన్ టోకెన్ల పద్ధతి మార్చాలన్నా సర్వర్ మొత్తం ఆపాల్సిందే. గేటు దగ్గర హాజరు మిషన్ కూడా ఆగిపోయి, గేటు మూసెయ్యాల్సి వచ్చేది. మళ్లీ నడిపించాల్సింది నేనే కాబట్టి నన్ను కదలనిచ్చేవారు కాదు. కొత్త సర్వర్‌లో ఏ భాగానికా భాగం విడి. "షిఫ్టు మారేటప్పుడే క్యాంటీన్ భాగం మార్చు. గేటు ఆగకపోతే సెలవిస్తా" అన్నారు మేనేజరు గారు.

నిన్న మార్చాను. రోడ్డు దాకా జనం ఆగిపోయారు! పరుగెత్తి చూస్తే మిషన్ చక్కగా పనిచేస్తోంది. వాచ్‌మన్ పోచయ్యే గేటు మూసేశాడు.

"నువ్వు కంప్యూటర్ రూముల వడ్డవంటే గేటు బంద్ వెట్టుడే గదా సార్!"

మేనేజరు గారు నవ్వుతూనే సెలవు చీటీ మీద సంతకం చేశారు. నేను ఊరెళ్తున్నానని తెలిసి పోచయ్య ముఖం వెలిగిపోయింది.

"అయితే నువ్వొచ్చేదాంక గేటు మూసే పనే లేదు!"

నీ తమ్ముడు