సైకిలు మీద కామాక్షి

నాచారం,
మార్చి, 1965

పద్మక్కా,

వేసవికి కామాక్షిని పంపమని అమ్మ రాసింది. ఈ ఏడు కుదరదని నువ్వే ఎలాగో నచ్చజెప్పాలి. కారణం నీకొక్కదానికే చెబుతున్నాను.

మన వైపు మద్యనిషేధం కదా, అక్కడున్నన్నాళ్ళు మీ మరిది సీసా ముట్టలేదు. ఇక్కడ ఫ్యాక్టరీలో చేరాక రోజూ సాయంత్రం ఉప్పల్ బ్రాందీ షాపుకు వెళ్ళడం అలవాటైంది. నేనెంత మొత్తుకున్నా వినలేదు.

కిందటి నెల కామాక్షి ఏడుస్తూ వెంటపడితే సైకిలెక్కించుకుని వెళ్ళారు. షాపాయన లింగాగౌడ్, "పిల్ల ఎంబడుంటే నేను ఇయ్య సారూ. ఇంట్ల దింపి రా" అన్నాడట. మన ఐదేళ్ళ ఆరిందా ఊరుకుంటుందా? "మా నాన్నకెందుకివ్వవు?" అని అతన్నే నిలదీసిందట! ఆయన మండిపడుతూ ఇంటికొచ్చారు. నాకు మాత్రం దారి దొరికింది. మర్నాటి నుంచి రోజూ దానికి జడలు వేసి, ఆయన చెప్పులు తొడుక్కునేలోపే సైకిలు మీద కూర్చోబెడుతున్నాను.

మొన్న దానికి జ్వరం వచ్చింది. ఆయన ఒక్కరే వెళ్ళారు. ఇక మళ్ళీ మొదలే అనుకున్నాను. అరగంటలో తిరిగొచ్చారు. లింగాగౌడ్ సీసా అందిస్తూ, "బిడ్డ రాలే? మంచిగున్నదా సారూ?" అని అడిగాడట. ఈయన సీసా అక్కడే వదిలేసి వచ్చారట.

దాని నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ, "తగ్గనీ అమ్మడూ, ఈసారి చెంగిచెర్ల వైపు తిరిగొద్దాం" అన్నారు.

ఆ దారిలో షాపు లేదక్కా.

నీ చెల్లెలు